మంచం బండ దాకా

పడవ ఒంట్లో ఎలా ఉందో సుత్తి చెబుతుంది. చిన్న సుత్తి తీసుకుని, మోకాళ్ల మీద పాకుతూ, పడవ నేల మీద జానెడుకొక దెబ్బ వేసుకుంటూ పోవాలి. ఫైబర్ పొర కింద చెక్క గట్టిగా ఉంటే టక్కుమంటుంది. నీళ్లు తాగి ఉంటే డుబ్బుమంటుంది. మా పడవ ముక్కు నుంచి వెనక పలక దాకా నలభై దెబ్బలు వేస్తే ముప్పై ఒక్కటి డుబ్బే. డుబ్బన్న చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. చివరికి తెల్లగా లేని చోటు వెతుక్కోవలసి వచ్చింది.

ఇంజిన్ మేస్త్రి నిచ్చెన ఎక్కి తొంగిచూశాడు. అతన్ని పడవల యార్డులో అందరూ నస అంటారు. గొణగనిదే స్పానర్ పట్టుకోడు.

"ఇది పడవ కాదు గురూ. డబ్బాలో పోసిన బురద."

"నువ్వు ముందు ఇంజిన్ సంగతి చూడు."

"ఇంజిన్ ఎక్కడుంది? అక్కడున్నది తుప్పు. దానికి నాలుగు బోల్టులు బిగించారు, ఎగిరిపోకుండా."

యార్డు కొత్త యజమాని షెడ్డు వెనక స్థలం ఖాళీ చేయించాలనుకున్నాడు. ఏళ్ల తరబడి పడి ఉన్న పడవల్ని వాటివాళ్లు తీసుకుపోవాలి, లేకపోతే రంపంతో కోసి పారేస్తామని గేటుకి కాగితం అంటించాడు. ముప్పై ఏళ్లుగా అదే యార్డులో అందరి పడవలకీ అతుకులు వేస్తున్నాను, నా పడవ మాత్రం తొమ్మిదేళ్లుగా వెనక గోడకి ఆనించి ఉంది. కోసేయనిస్తాననే అందరూ అనుకున్నారు. బాగుచేసి అమ్మేస్తానని చెప్పాను. మా ఆవిడకీ అదే చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు.

నాకు కావలసింది ఒకటే. నా బావమరిది మళ్లీ ఆ పడవ ఎక్కాలి. మంచం బండ దాకా రావాలి. నీళ్లలోకి దిగి, పైకొచ్చి, కింద ఏముందో నాకు చెప్పాలి.

వాడు మా ఆవిడ తమ్ముడు, నాకంటే పదకొండేళ్లు చిన్న. అప్పటికే మూడు చేతులు మారిన ఆ ఇరవై ఎనిమిది అడుగుల పడవని ఇద్దరం కలిసి కొన్నాం. మొదట్లో ఇద్దరం దిగేవాళ్లం. ఒకసారి జలుబుతో దిగి కుడి చెవి లోపల పొర చింపుకున్నాను. ఇక తల ముంచొద్దన్నాడు డాక్టరు. అప్పట్నుంచి వాడు కింద, నేను పైన. ఒడ్డుకి రెండు గంటల దూరంలో నీళ్ల అడుగున చదునైన బండ ఒకటి ఉంది. మంచం బండ అని మేమే పేరు పెట్టుకున్నాం. వాడు సిలిండర్ కట్టుకుని దిగి ఆ బండ సందుల్లోంచి పెద్ద రొయ్యలు ఏరేవాడు. నేను పైన గాలాలు వేసేవాణ్ణి. పైకొచ్చి ముఖానికున్న అద్దం తీయగానే వాడికి వాగుడు మొదలయ్యేది. "బావా, ఇవాళ మంచం మీద దుప్పటి పరిచినట్టున్నాయి చేపలు. కాలు పెడితే పక్కకి తప్పుకోవే!" చెవి పోయినవాడికి అదే ఈత. పన్నెండేళ్లు నేను దిగకుండానే ఆ బండ మీద ప్రతి పగులూ చూశాను.

తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, వాడు కింద ఉండగా నా గాలానికి చేప పడింది. అంత పెద్దది అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. దారం మొత్తం లాక్కుపోయింది, గాలం చక్రానికి పది చుట్లు మిగిలాయి. మనిషి కింద ఉంటే ఇంజిన్ ముట్టుకోకూడదు. ఈ పని చేసేవాళ్లు మొదటి రోజు నేర్చుకునేది అదే. నేను లంగరు తాడు కోసేశాను. ఇంజిన్ వేసి చేప వెనక పోయాను. ఐదు నిమిషాల పని అనుకున్నాను. ముప్పావుగంట తర్వాత దారం తెగింది. తలెత్తి చూస్తే మసక కమ్మింది, ఎటు చూసినా ఒకటే నీళ్లు.

వాడు మూడు గంటలు తేలాడు. వేరే పడవవాళ్లు చూసి లాగారు.

"ఇంజిన్ ఆగిపోయిందిరా. తాడు తెగి కొట్టుకుపోయాను" అని చెప్పాను. నస వచ్చి ఇంజిన్ చూసి, దీనికి ఏ రోగమూ లేదే అని గొణిగాడు గాని, ఎప్పుడూ గొణిగేవాడే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. బావమరిది నా ముఖంలోకి కాసేపు చూశాడు. "సరేలే బావా" అన్నాడు. తన సామాను సంచిలో సర్దుకుని ఇంటికి తీసుకుపోయాడు. తిట్టలేదు, కొట్టలేదు. నాలుగు తన్ని ఉంటే నేను బాగుపడేవాణ్ణేమో. అక్క కోసం ఇంటికి వస్తూనే ఉన్నాడు. టీ తాగుతాడు, ఎండ ఎక్కువైందంటాడు, వాన రావట్లేదంటాడు. నాతో మాట్లాడటం మానలేదు, చెప్పడం మానేశాడు.

ఇప్పుడు ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతున్నాడు. ముప్పై మీటర్లు దిగినవాడు నడుములోతు నీళ్లలో మెడలో ఈల వేసుకుని నిలబడతాడు.

పడవ నేల కోయడానికి నాలుగు రోజులు పట్టింది. గ్రైండర్ పెట్టి పై పొర కోసి ఎత్తితే, అడుగున దూలాలు తడిసిన అట్టముక్కల్లా చేతికి వచ్చాయి. పిండితే నీళ్లు. ఫైబర్ పొడి ఒళ్లంతా గుచ్చుకుని దురద, ఎంత రుద్దుకున్నా పోదు, మా ఆవిడ నా దుప్పటి వేరుగా ఉతికేది. ఖాళీ డొల్లలో రెండు వేడి ఫ్యాన్లు పెట్టి మూడు వారాలు ఆరబెట్టాను. కొత్త దూలాలు పెట్టి, రెసిన్ జిగురు కలిపి, ఫైబర్ గుడ్డ పొర మీద పొర వేసుకుంటూ వచ్చాను. ఒక రోజు గాలిలో తేమ ఉందని తెలిసీ ఆగలేక రెసిన్ పోశాను. తెల్లారి చూస్తే జిగురు జిగురుగా వేలికి అంటుకుంటోంది. మొత్తం గీకి మళ్లీ వేశాను. తొందరపడకూడదని నేను వేరేవాళ్లకి ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను.

నస ఇంజిన్‌ని ముక్కలు ముక్కలుగా విప్పి గుడ్డ మీద పరిచాడు. నీళ్ల పంపు కొత్తది, ఆయిల్ ట్యాంకు కొత్తది, వైర్లన్నీ కొత్తవి. లోతు చూపే తెర ఒకటి బిగించాం.

"ఒక మాట అడగనా గురూ?" అన్నాడు ఒక రోజు, తల ఇంజిన్లోనే పెట్టి.

"వద్దంటే మానేస్తావా?"

"ఆ రోజు ఈ ఇంజిన్ ఎందుకు ఆగింది?"

"నీకే తెలియకపోతే నాకేం తెలుసు?"

"అదేలే. నాకూ తెలియదు" అని గొణిగి, స్పానర్ తిప్పుకున్నాడు. ఆ పూటంతా ఇంకో మాట గొణగలేదు. అతను అంతసేపు నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

పడవ పూర్తికావస్తుండగా మా ఆవిడ భోజనం డబ్బా పట్టుకుని యార్డుకి వచ్చింది. పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమయ్యా, ఇది అమ్మే పడవేనా?"

"ఆఁ."

"కొనేవాడు నీళ్లలోకి దూకుతాడని నీకెవరు చెప్పారు? సిలిండర్లకి గూళ్లు పెట్టావు. నిచ్చెన పెట్టావు. అదీ ఎడమవైపు."

అప్పుడు చూశాను. వెనక పలకకి నిచ్చెన అందరూ కుడివైపే బిగిస్తారు, నేను కూడా ఇన్నేళ్లూ అందరికీ కుడివైపే బిగించాను. వాడిది ఎడమచేతి వాటం. రొయ్యల సంచి కుడిచేతికి తగిలించుకుని ఎడమచేత్తో పట్టుకుని ఎక్కుతాడు. నేను ఆలోచించి పెట్టింది కాదు. చెయ్యి దానంతటదే అక్కడ కన్నాలు పొడిచింది.

"నువ్వే వాణ్ణి పిలువు. నీ తమ్ముడే కదా" అన్నాను.

"నేను పిలిస్తే నా కోసం వస్తాడు. నీకు చాలా?"

చాలదు. డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఈతకొలనుకి వెళ్లాను. బ్లీచింగ్ వాసన గేటు దగ్గరే ముక్కు పగలగొట్టింది. పదిమంది పిల్లలు గట్టు పట్టుకుని కాళ్లు కొడుతున్నారు. వాడు నీళ్లలో నిలబడి ఉన్నాడు. జుట్టు పల్చబడింది. ఇంటికి వచ్చినప్పుడు ఎన్నిసార్లు చూసినా కనబడని సంగతి, తల తడిసి ఉంటే కనబడింది.

"ఏం బావా, ఈత నేర్చుకుందామనా? ముసలాళ్ల బ్యాచ్ సాయంత్రం."

"నీ దగ్గర నేర్చుకుంటే మునిగిపోతాను."

"ఇక్కడ మునగాలంటే పడుకోవాలి."

ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఏం చేయాలో తెలియక గట్టు మీద గొంతుక్కూర్చున్నాను.

"ఆదివారం పడవ దించుతున్నాం."

"అక్క చెప్పింది. అమ్మేస్తున్నావటగా?"

"అమ్మటం లేదు. మంచం బండ దాకా వెళ్లొద్దామని. నువ్వు కూడా వస్తే..."

వాడు ఈల దారం వేలికి చుట్టుకున్నాడు. "ఇంజిన్ ఎలా ఉంది?"

"కొత్తదానిలా ఉంది. నస మొత్తం విప్పి కట్టాడు."

"మళ్లీ ఆగిపోదు కదా?"

ఆ మాట అడిగినప్పుడు వాడు నన్నే చూస్తున్నాడు. చెప్పాల్సింది వేరే మాట. నోరు తెరిస్తే, "ఆగదు" అని మాత్రం వచ్చింది.

"మంచిది" అని వాడు పిల్లల వైపు తిరిగాడు. "ఒరేయ్ బుజ్జీ, మోకాళ్లు కాదురా, కాళ్లు! కాళ్లు కొట్టు!"

వస్తానని అనలేదు, రానని అనలేదు. ఇంటికి నడిచి వచ్చాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకోవడం వల్ల ఒక్కటీ అతకదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే క్రేన్ పడవని నీళ్లలోకి దించింది. అడుగు గది తెరిచి చూశాను. చుక్క నీరు లేదు. నస ఇంజిన్ వేసి రేవులోపలే రెండు చుట్లు తిప్పించి, గట్టు రాగానే దూకేశాడు.

"నువ్వూ రావయ్యా" అన్నాను.

"నేను నేలమీది మేస్త్రిని. నాకు వాంతులు."

అప్పుడు చూశాను. గట్టు మీద మా ఆవిడ పక్కన వాడు నిలబడి ఉన్నాడు. భుజాన ఆ పాత సంచి. ఆమె నా వైపు చూసి, నేను పిలవలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. వాడు పడవలోకి దిగాడు. దిగినవాడు ఒక్క క్షణం ఆగి, మడమతో నేల మీద రెండుసార్లు తన్నాడు. టక్, టక్. నా వైపు చూసి, బాగుందన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నాకు ఎక్కడ చూడాలో తెలియక తాళ్లు విప్పాను.

బండ దాకా రెండు గంటలు పట్టింది. వాడు గూళ్లు తడిమి చూశాడు, నిచ్చెన పట్టుకుని ఊపి చూశాడు. ఎడమవైపు ఎందుకని అడగలేదు. తెర మీద అడుగు ఒక్కసారిగా పైకి లేచింది. చదునుగా, పొడుగ్గా. ఇద్దరం ఒకేసారి "అదిగో" అన్నాం. లంగరు వేశాను, తాడు బిగిసేదాకా వెనక్కి లాగి చూశాను, ఇంజిన్ ఆపేశాను.

వాడు సామాను వేసుకున్నాడు. అంచు మీద కూర్చున్నాడు. అద్దం నుదుటి మీదకి తోసి, ఎడమచేయి చాపాడు.

"తాళం ఇవ్వు బావా."

"ఏ తాళం?"

"ఇంజిన్ తాళం. నాతోపాటు కిందకి తీసుకుపోతాను."

"నీకేమైనా పిచ్చా? లంగరు జారితే నేనేం చేయాలి?"

"ఏం చేస్తావు? కొట్టుకుపోతావు. ఎలా ఉంటుందో చూద్దువుగాని."

వాడు కోపంగా అనలేదు. నేను తాళం తీయలేదు. వాడు చెయ్యి దించలేదు. పడవ మెల్లగా ఊగుతోంది. ఇప్పుడు కూడా చెప్పకపోతే వాడు ఆ సామాను విప్పి మళ్లీ సంచిలో సర్దుకుంటాడని, ఈసారి ఆ సంచి ఎక్కడికీ రాదని నాకు అర్థమైంది.

"ఆ రోజు ఇంజిన్ ఆగలేదురా" అన్నాను. "చేప పడింది. తాడు కోసి దాని వెనక పోయాను."

"తెలుసు."

"నస చెప్పాడా?"

"ఒకరు చెప్పాలా? నేను నీళ్లలో ఉన్నాను బావా. నీళ్లలో చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియదు. కానీ తగ్గిపోతోందని తెలుస్తుంది. ఇంజిన్ స్టార్టయింది విన్నాను. గేరు పడింది విన్నాను. నాకోసమే ఇటు తిప్పుతున్నావనుకున్నాను. తగ్గుతూ తగ్గుతూ పోయింది. పైకి వచ్చేసరికి అసలు చప్పుడే లేదు."

నేను స్టీరింగ్ పట్టుకుని నిలబడ్డాను.

"మరి తొమ్మిదేళ్లు ఒక్కసారైనా అడగలేదేంరా?"

"నువ్వు చెబుతావని."

"ఇప్పుడు చెప్పాను కదా."

"చెప్పావు" అన్నాడు. చెయ్యి అలాగే ఉంది. "తాళం ఇవ్వు."

తీసి ఇచ్చాను. వాడు దాన్ని భుజం పట్టీకి ఉన్న కొక్కెంలో తగిలించి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు. అద్దం దించుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, వెనక్కి వాలిపోయాడు. నీళ్లు పైకి లేచి నా కాళ్ల మీద పడ్డాయి.

గాలాల పెట్టె మూత తెరవలేదు. బుడగలు ఎడమవైపు వస్తే ఎడమ అంచుకి వెళ్లాను. కాసేపటికి అవి పడవ కిందకి వచ్చి మాయమయ్యాయి. పరుగెత్తి కుడి అంచుకి వెళ్లి వంగి చూశాను. గుక్కెడు గుక్కెడుగా మళ్లీ వచ్చాయి. వాడు మంచం మీద నడుస్తున్నాడు. గాలి కొద్దిగా పెరిగింది, లంగరు తాడు మూలిగింది. తాడు మీద అరచెయ్యి పెట్టి, జారుతోందేమోనని వణుకు వెతికాను. జారటం లేదు. మళ్లీ ఎడమవైపుకి పోయాను. అలా ఆ అంచు నుంచి ఈ అంచుకి, పైకొచ్చి వాడు ఏమైనా చెబుతాడో చెప్పడో తెలియక, నలభై నిమిషాలు.