బండబావి పొత్తు

నల్లమాడ పక్కన ఒక పల్లెలో బావి తవ్వకంలో నాగప్పను మించినవాడు లేడు. పిడికెడు మట్టి నలిపి వాసన చూసి, నీళ్లు ఎన్ని నిలువుల లోతున ఉన్నాయో చెప్పేవాడు. చుట్టుపక్కల రైతుల బావులన్నీ అతని గడ్డపార దిగినవే. అయితే పందొమ్మిది వందల యాభై ఏడులో, వరసగా మూడో ఏడు వాన మొండికేసినప్పుడు, అతని వాడ ఆడవాళ్లు మైలు దూరం నడిచి వంక ఇసుకలో చెలమలు తీసి, చెంబుతో తోడి కుండ నింపుకోవలసి వచ్చింది. ఊరందరికీ బావులు తవ్వినవాళ్లకు సొంత బావి లేదు, ఊరి బావుల్లో చేద వేసే హక్కూ లేదు.

వాడ వెనక పోరంబోకులో తవ్వుకోవడానికి తాలూకా ఆఫీసు అనుమతి ఇచ్చింది. ఆ కాగితం తెచ్చినవాడు యేసన్న. అదే నాగప్పకు మింగుడు పడలేదు.

యేసన్న పరాయివాడు కాదు, నాగప్ప మేనత్త కొడుకు. ఆ మేనత్త మొగుడు కిరస్తానంలో కలిసిన రోజే నాగప్ప నాయన తెగతెంపులు చేసుకున్నాడు. వాడ రెండు వీధులైంది. పెళ్లికి పిలుపు లేదు, చావుకు పలకరింపు లేదు. యేసన్న పటాలంలో చేరి, బర్మా యుద్ధంలో వంతెనలు కట్టి, బండలు పేల్చే విద్య నేర్చి తిరిగొచ్చినా నాగప్ప అతని గడప తొక్కలేదు.

నాగప్ప తన వీధివాళ్లతోనే తవ్వకం మొదలుపెట్టాడు. మూడు నిలువుల లోతున నల్లబండ తగిలింది. ఐదు రోజులు కొట్టారు. గడ్డపారల మొనలు వంగాయే గానీ బండ పెళ్ళ కూడా లేవలేదు. ఆరో రోజు పొద్దున యేసన్న వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"నాగప్పా, దీనికి మందు పెట్టాల. పేల్చేది నాకు తెలుసు. రాయి ఎత్తేదానికి మా వీధోళ్లు ఇరవై మంది వస్తారు."

"నీ కింద మేం కూలోళ్లమా?" నాగప్ప తల ఎత్తకుండానే అన్నాడు. "ముందు మీ పుట్టు మొదులు యాడిదో, మీ నాయన యాడ కలిసినాడో గెవనం చేసుకో."

యేసన్న కోపం తెచ్చుకోలేదు. మోకు పట్టుకుని గుంతలోకి దిగి బండ మీద కూర్చున్నాడు.

"మొదులు అడిగినావు కదా, ఒగాయప్ప మొదులు చెప్తా, విను. బర్మాలో మా పక్క డేరాల్లో ఆఫ్రికా పటాలం ఉండె. దాంట్లో జెరె అనేటోడు నాకు స్నేహితుడు. వాళ్లది న్గోని జాతి. నూరేండ్ల కిందట వాళ్ల పెద్దదొర జ్వంగెండబ. పుట్టింది ఆఫ్రికా దక్షిణాన ఒక చిన్న తెగలో. జ్విడె అనే రాజు పక్కన ఉండి పోట్లాడేటోడంట. షాకా అనే ఇంకో రాజు ఆ జ్విడెను ఓడగొట్టినాడు. ఇంగ ఆడ ఉంటే బతుకు లేదని ఈయప్ప ఉన్న జనాన్ని, పశువుల్ని తోలుకోని ఉత్తరానికి నడిచినాడు. దావలో ఇంకో దొరతో చేతులు కలిపినాడు. మళ్ల చెడి కొట్టుకున్నారు. జాంబెజి అని ఏరు, మన పెన్న యాడికి చాలుతాది దాని ముందర! దాన్ని దాటిన పొద్దు పట్టపగలే సూర్యుడు నల్లబడినాడంట."

నాగప్ప చేతిలోని సమ్మెట ఆగింది. "గ్రహణమా?"

"గ్రహణమే."

"భయపడలేదా?"

"భయపడిండొచ్చు. దాటినారు మాత్రం. ఏండ్లకేండ్లు నడిచినారు. దావ పొడుగునా ఎన్ని జాతులో కలిసినాయి. ఆయప్ప పోయేనాటికి మొదుట బయలుదేరినోళ్లు కొంచెమే, దావలో చేరినోళ్లే ఎక్కువ. అందురూ న్గోనీలే."

"ఊరికే చేరినారా, ఈటె చూపించి చేర్చుకున్నాడా?"

"ఈటెతోనే చానామందిని. అబద్ధం ఎందుకు చెప్తా? మా జెరె ముత్తవ్వ కూడా అట్ల పట్టుబడిన మనిషే. ఆ మాట చెప్పేటప్పుడు వాని మొగంలో రవ్వంత చిన్నతనం లేదప్పా. రొమ్ము ఇరుచుకోని చెప్పినాడు. మనమేమో ఒగే అవ్వ మనవళ్లమై, మొదులు అడుక్కుంటా ఉండాము."

నాగప్ప అతని చేతి వైపు చూశాడు. యేసన్న మాట్లాడుతున్నంతసేపూ అతని వేళ్లు బండ మీద పాకుతూ దాని పగులు ఎటు పోతోందో వెతుకుతున్నాయి. తను మట్టిని చూసేది సరిగ్గా అలాగే. పనివాడి చెయ్యి పనివాడికి తెలియకుండా ఉండదు.

"నా కింద ఎవురూ వద్దు," అన్నాడు యేసన్న. "తవ్వకానికి నువ్వే పెద్ద. మందు పెట్టే గడియ మాత్రం నా మాట వినాల. అంతే."

గట్టు మీద ఖాళీ కుండతో నిలబడిన నాగప్ప పెళ్లాం తిప్పమ్మ గొంతెత్తింది. "ఎవురు పెద్దో మీరు తేల్చుకునే లోపల ఆ చెలమ కూడా ఎండిపోతాది!"

నాగప్ప సమ్మెట కింద పెట్టాడు. "పో బావా, మీ వాళ్లను పిలుచుకోని రా."

బావా అన్న పిలుపు విని గట్టు మీది ముసలమ్మ ఒకతె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నలభై మంది పద్దెనిమిది రోజులు కష్టపడ్డారు. యేసన్న చూపిన చోటల్లా నాగప్ప స్వయంగా ఉలి పట్టి బొక్కలు కొట్టాడు. వత్తి అంటించే ముందు "పైకి రాండి!" అని యేసన్న కేకేస్తే, అందరికంటే చివర గట్టెక్కేవాడు నాగప్పే. బండ పగిలిన చప్పుడు ఊరిదాకా వినబడేది.

నడుమ ఒకరోజు పెద్ద రైతు బయ్యన్న వచ్చాడు. "నాగప్పా, నా బావి పూడిక తియ్యాల. రేపట్నుంచి మనుషుల్ని తోలుకోని రా."

ఆ మాటకు రానన్న నోరు ఆ వాడలో అంతవరకూ లేదు. నాగప్ప చెమట తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. "మా బావి అయినాక వస్తాం. అందురం వస్తాం, రెండు వీధులోళ్లం."

బయ్యన్న గుంతలో కలిసి రాయి ఎత్తుతున్న రెండు వీధులవాళ్లనూ చూశాడు. "కానీలేప్పా," అని వెళ్లిపోయాడు.

ఏడో నిలువు దిగేసరికి బండ పగులులోంచి నీళ్లు బుసబుసమని వచ్చాయి. మొదట తెల్లగా, తరవాత తేటగా, మోకాళ్లదాకా. తిప్పమ్మ మొదటి బొక్కెన చేది, తిన్నగా యేసన్న తల్లి దగ్గరికి మోసుకుపోయి ఆమె దోసిట్లో పోసింది.

బయ్యన్న బావి పూడిక కూడా తీశాక, ఆ మాఘంలో రాప్తాడు రైతు ఒకడు మనిషిని పంపాడు, తన చేలో కూడా ఇట్లాంటి బండే తగిలిందని. నలభై మందీ గడ్డపారలు భుజాన వేసుకుని తెల్లవారక ముందే దారి పట్టారు. పెళ్లికి తరలిపోయేవాళ్ల నడక అది. దారి పొడుగునా పల్లెలవాళ్లు వాకిళ్లలోకి వచ్చి చూశారు.