తునికాకు కట్టల మీదుగా

పోయిన మంగళవారం గోపాలు వాకిట్లో ఎంతసేపు నిలబడిపోయాడంటే, ఎండకు తాళలేక ఇంటి కోడి వచ్చి ఆయన నీడలో పడుకుంది. ఆయన కదల్లేదు, కోడి కదల్లేదు. బస్సు మాత్రం కదిలి భద్రాచలం వెళ్లిపోయింది.

"అడుగెయ్యయ్యా!" అని ఆయన భార్య నాగక్క ఆ రోజంతా బతిమాలుతూనే ఉంది.

"నేను నడుస్తనే ఉన్ననే. కాళ్లే వస్తలేవు," అన్నాడు గోపాలు, గొంతు పెగలని గుసగుసతో.

అది పార్కిన్సన్ జబ్బని డాక్టరు చెప్పి ఆరేళ్లయింది. ఇప్పుడు బాగా ముదిరింది. ఒళ్లు కొయ్యబారుతుంది, చేతులు వణుకుతాయి, నడుస్తూ నడుస్తూనే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. లాగితే బోర్లా పడతాడు. గంజి తాగించడం, బట్టలు మార్చడం, పక్క మీద అటూ ఇటూ తిప్పడం అంతా నాగక్కే. ఆమె కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు. మొన్న గంజి తాగిస్తూ కునుకుపడి, చెంచా గోపాలు చెవికి అందించింది.

"అది నోరు కాదే," అన్నాడాయన.

మాత్రలిచ్చే డాక్టరు భద్రాచలం ఆస్పత్రికి మంగళవారమే వస్తాడు. డబ్బాలో మూడే మిగిలాయి. అవి కూడా అయిపోతే గోపాలుకు గంజి మింగడం కూడా కష్టమవుతుంది. అందుకే ఈ మంగళవారం నాగక్క తెల్లారకముందే మొదలుపెట్టింది. నడుం పట్టుకుని, పెళ్లిలో ఎగిరినట్టు ఇద్దరూ ఊగుతూ గడప దాటేసరికి ఎండెక్కింది. ఇక తునికాకు కల్లం దాటితే రోడ్డే.

కల్లం నిండా బీడీల ఆకు కట్టలు వరసలు వరసలుగా ఆరుతున్నాయి. వాటి అంచుకొచ్చేసరికి గోపాలు పాదాలు మళ్లీ అతుక్కుపోయాయి. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. నాగక్కకు ఏడుపొచ్చింది.

అప్పుడు గోపాలు తన ముందున్న వరసకేసి చూశాడు. కుడి కాలు పైకెత్తి దాన్ని దాటాడు. ఎడమ కాలెత్తి రెండో వరస దాటాడు. ఆ తర్వాత ఆగలేదు. బురదలో కొంగలా మోకాళ్లు ఎత్తెత్తి వేస్తూ, ఒక్క కట్టనూ తొక్కకుండా పోతూనే ఉన్నాడు. నాగక్క నోరు తెరుచుకుని వెంట పరుగెత్తింది.

పందిరి కింద కూర్చుని కల్లం చూసుకుంటున్న కల్లేదారు భాస్కర్ లేచి నిలబడ్డాడు. "ఓ నాగక్కా! రోగమంటివి, నీ మొగడు గిట్ల దుంకుతుండేంది!"

అంతలో వరసలు అయిపోయాయి. రోడ్డింకా ముప్పై అడుగుల దూరముంది. గోపాలు టక్కున ఆగిపోయాడు.

దాటడానికి ఎదురుగా ఏదైనా ఉంటేనే ఆ కాళ్లు లేస్తున్నాయని నాగక్కకు తట్టింది. వెనక్కి వంగి ఒక కట్ట తీసి ఆయన పాదాల ముందు పెట్టింది. ఆయన దాటాడు. ఇంకోటి పెట్టింది. మళ్లీ దాటాడు.

"కట్టలు ముట్టకు! వరసలన్నీ ఖరాబైతయి!" అంటూ భాస్కర్ ఉరికొచ్చాడు.

"అరిచేటోనివి గా కట్ట ఇటియ్యరాదు! జల్దీ!"

అంత గట్టిగా అడిగేసరికి భాస్కర్ ఆలోచించకుండా చేతికిచ్చేశాడు. తర్వాత ఇంకోటిచ్చాడు. కాసేపటికి తనే ముందు నడుస్తూ, వంగి వంగి కట్టలు పేరుస్తున్నాడు.

"తొక్కకు బావా, తొక్కకు!"

"తొక్కుతలేనురా," అన్నాడు గోపాలు, కొంచెం కోపంగా.

బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. ఒక్కో అడుగుకూ లోపల ఈలలు. కండక్టరు టైము సంగతే మరిచిపోయి, "ఇంకొక్కటి పెద్దాయనా, ఇంకొక్కటి!" అని అరుస్తున్నాడు. మెట్లు కూడా వరసల్లాంటివేగా, గోపాలు వాటిని తడబడకుండా ఎక్కేశాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది.

భాస్కర్ చేతుల నిండా ఆకు కట్టలతో రోడ్డు మీదే నిలబడిపోయాడు. బస్సు కదులుతుంటే గుర్తొచ్చి, "ఓ అక్కా! మాపటికి ఎన్నింటికొస్తరు? కట్టలు గిట్లనే ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అని కేకేశాడు.

సీట్లో కూర్చున్న మరుక్షణమే నాగక్క మొగుడి భుజం మీదికి ఒరిగి, బస్సంతా వినబడేలా గుర్రు పెడుతోంది. గోపాలు చేయి ఆమె వీపు మీద పడింది. ఆగమన్నా ఆగని చేయి అది, పసిపిల్లను జోకొట్టినట్టు తడుతూనే ఉంది.

"టికెట్, టికెట్," అంటూ వచ్చాడు కండక్టరు.

గోపాలు పెదవులు కదిలాయి. కండక్టరు వంగి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టాడు.

"నిమ్మళంగ అడుగు బిడ్డా," అన్నాడు గోపాలు. "పండుకుంది."