మొప్ప చూడని బేరం

నేను ఒక వాటా పత్రాన్ని. గ్రీసు దేశంలో గలానీ బ్యాంకు వారు నన్ను అచ్చు వేయించారు. అప్పటికే షేర్లన్నీ కంప్యూటర్లలో పుట్టి కంప్యూటర్లలోనే పోతున్నాయి. నేను కాగితమై భూమ్మీద పడ్డానంటే అది విశాఖపట్నం జాలరిపేట వాస్తవ్యుడు మైలపల్లి దానయ్య చలవే. అతడు సరుకు ఓడలో వంటవాడు. చేతికి కాగితం రానిదే కొన్నట్టు కాదని కౌంటరు ముందు భీష్మించుకున్నాడు.

దేశం అప్పుల్లో మునిగింది. దానికి అప్పిచ్చిన బ్యాంకులూ వెంటే మునుగుతున్నాయి. జనం తమ డబ్బు వెనక్కి తీసుకోవడానికి బారులు తీరారు. ఆ వరసలో డబ్బు ఇవ్వడానికి వచ్చినవాడు దానయ్య ఒక్కడే. గుమస్తా అతణ్ణి రెండుసార్లు ఎగాదిగా చూసి, వెయ్యి షేర్లకు నన్ను రాసిచ్చాడు.

ఆ సాయంత్రం అతని జేబులో ఉండి ఫోను సంభాషణ విన్నాను.

"రత్నం! ఇరవై యూరోల షేరు రెండుకే దొరికిందే!"

అవతల ఉన్నది భార్య నూకరత్నం. హార్బరులో గంప పెట్టుకుని చేపలు అమ్ముతుంది. నీడపట్టున కొట్టు పెట్టుకోవాలని దాచిన సొమ్మే నా వెల.

"అంతలా ఎందుకు దిగిపోనాది?"

"ఏవో అప్పులంట."

"సేప సవగ్గా ఇత్తే, కుళ్లిపోనాదేమోనని ముందు మొప్ప ఎత్తి సూత్తాం. నువ్వు సూసినావేటి?"

దానయ్య సిగ్నల్ లేదన్నాడు. సిగ్నల్ నిక్షేపంలా ఉంది.

రెండు యూరోల షేరు ఇరవై సెంట్లకు దిగింది. దానయ్య కూరల్లో ఉప్పు ఎక్కువైంది. ఒక ఉదయం చూసేసరికి ధర మళ్లీ రెండు యూరోలు! పట్టలేని ఆనందంతో ఓడంతటికీ సేమ్యా పాయసం వండి పెట్టాడు. అందరూ రెండో గిన్నె కూడా తాగాక, లెక్కలు తెలిసిన ఇంజనీరు మెల్లగా చెప్పాడు. బ్యాంకువాళ్లు పది షేర్లను కలిపి ఒకటి చేశారు. నీ వెయ్యీ ఇప్పుడు వంద. దానయ్య ఖాళీ గిన్నెలవైపు చూసి, నన్ను జేబులోంచి బయటికి తీశాడు. నన్ను చింపేస్తాడేమోనని బెదిరాను. మడతపెట్టి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు బ్యాంకు వాటాదారుల సభనాడు ఓడ మళ్లీ గ్రీసు రేవులోనే ఉంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను తీసుకుని వెళ్లాడు. వేదికమీద పెద్దమనిషి భవిష్యత్తు బంగారమని గంటసేపు చెప్పాడు. దానయ్య లేచి, తనకొచ్చిన ఓడ ఇంగ్లీషులో అడిగాడు.

"అయ్యా, మా ఆడది చేపలమ్ముద్ది. మొప్ప ఎర్రగా ఉందా, నల్లగా ఉందా అని అడగమంది."

దుభాషి తటపటాయించి గ్రీకులో చెప్పాడు. వెనక వరసలో ఒక ముసలమ్మ ముందు నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. వేదికమీద పెద్దమనిషి మంచినీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉన్నాడు.

దానయ్యకు జవాబు దొరికింది. అందరూ కాఫీ బిస్కట్ల దగ్గర మూగారు. అతడు తిన్నగా బ్యాంకు కౌంటరుకు వెళ్లి మొత్తం అమ్మేశాడు. పెట్టిన రెండు వేల యూరోలకు నూట అరవై చేతికొచ్చాయి. ఇక చెల్లనని గుర్తుగా గుమస్తా నా నడుమ రంధ్రం చేశాడు. నన్ను తిరిగి ఇమ్మని దానయ్య బతిమాలుకున్నాడు. రెండు నెలలకు ఆ బ్యాంకు మూతపడింది.

ఇంటికొచ్చిన దానయ్య తల దించుకుని నన్నూ ఆ నూట అరవైనీ నూకరత్నం ముందు పెట్టి, జరిగింది చెప్పాడు. ఆవిడ నోట్లు లెక్కపెట్టింది. తర్వాత, "సభలో నా మాటగానే అడిగినావా?" అంది. అడిగానన్నాడు. "అయితే అన్నం తిను" అంది.

ఆ సొమ్ముకు కొట్టు రాలేదు. పెద్ద గొడుగు, ఒక బల్ల వచ్చాయి. నేను మందంగా ఉన్నానని ఆవిడ తన చిల్లర డబ్బా అడుగున పరిచింది. పగలంతా నామీద నాణేలు పడుతుంటాయి. ఎవరికీ అరువు లేదు. మొన్న టీకి డబ్బుల కోసం దానయ్య డబ్బాలో చెయ్యి పెట్టబోతే, "ఏటికో సెప్పి తీయి" అంది. అతడు చెప్పాడు. రెండోసారి, ఇంకొంచెం వివరంగా చెప్పాడు.

అప్పుడు పది రూపాయలిచ్చింది. బ్యాంకు అంటే ఏమిటో నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.