సాల్ట్ గాలోస్ ఆఖరి పాట

మా ఆయన విక్రాంత్‌కు పెళ్ళికి ముందునుంచే ఒక పిచ్చి ఉంది. దాని పేరు సాల్ట్ గాలోస్. ఇంగ్లండ్‌లో ఓ చేపల రేవులో నలుగురు కుర్రాళ్ళు పెట్టిన హెవీ మెటల్ బ్యాండ్. ఎనభైల్లో ఒక చిన్న రికార్డు తెచ్చి, ఆల్బమ్ మొదలుపెట్టి, తగువులాడుకుని విడిపోయారు. సొంత ఊరే వాళ్ళను మరిచిపోతే, హైదరాబాద్‌లో పుట్టి జర్మనీలోని ఆకెన్‌లో కోడ్ రాసుకునే ఈ మహానుభావుడు వాళ్ళ చరిత్రకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ నడుపుతాడు. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం తీరిక ఉండదు!

ఆ పేజీ చూసి గ్రాహం మెయిల్ రాశాడు. ఆ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించినవాడు. జర్మన్ అమ్మాయిని పెళ్ళాడి ఆకెన్‌లోనే ఉండిపోయాడట. పాటగాడు కెవిన్‌తో కలిసి కట్టిన ఆఖరి పాటను రికార్డు చేసే ముందు, అతనితోనే గొడవపడి వెళ్ళిపోయాడు. అతను లేకుండానే రికార్డయిన ఆ పాట ఒకే ఒక్క క్యాసెట్‌లో ఉంది. ఈమధ్య కెవిన్ పోతే, అతని చెల్లెలు దాన్ని పంపింది. "టేపు పొడిలా రాలుతోంది, ఒక్కసారే మోగుతుందేమో. వాడి గొంతు వినాలి," అని రాశాడు.

ఆదివారం చప్పుడు చేస్తే కింది ఫ్లాట్ ఆవిడ ఊరుకోదని శనివారం రమ్మన్నాం. అరవై దాటిన మనిషి, క్యాసెట్‌ను రెండు చేతులతో పట్టుకొచ్చాడు. మోగే ఆ ఒక్కసారే కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోవాలి, కానీ మా పాత టేప్‌రికార్డర్‌లో వైరు పెట్టే చోటు పాడైంది. అందుకని విక్రాంత్ దాని స్పీకర్ ముందు మైకు నిలబెట్టి, నావైపు చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. అక్కడికేదో నేనే వాగుడుకాయనైనట్టు!

పాట మొదలైంది. ఆ అరుపులు నాకేమీ అర్థం కావు, గ్రాహం ముఖమే చూస్తూ కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి తనకు తెలియకుండానే గొంతు కలిపాడు. విక్రాంత్ వారించబోయి ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ కుయ్యిమంది.

ఇంటికొచ్చిన మనిషి తినకుండా పోకూడదని పప్పు పెట్టింది విక్రాంతే. పెట్టి మరిచిపోయిందీ అతనే. నేను పరుగెత్తి స్టవ్ ఆపేలోగా ఇంకో విజిల్. పాట అయిపోయింది, టేపు కూడా పుటుక్కున తెగింది.

"ఇవ్వాళే దొరికిందా నీకు పప్పు?" అన్నాను.

"తిట్టకు ఉదయా. నా బుద్ధి గడ్డి తిన్నది," అన్నాడు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

గ్రాహం మాత్రం ఆ పప్పుతోనే నెయ్యి వేసుకుని రెండుసార్లు అన్నం తిన్నాడు. చేతులు కడుక్కుని, రికార్డయింది వినిపించమన్నాడు.

కెవిన్ గొంతు వచ్చింది. దానికింద బొంగురుగా ఇంకో గొంతు. ఆ రెంటిమీదా మా కుక్కర్.

"అది నేనా?" గ్రాహం ఉలిక్కిపడ్డాడు.

"సారీ అండీ, కంగారుపడకండి," అన్నాడు విక్రాంత్. "సాఫ్ట్‌వేర్ ఉంది. టేపులో లేనిదంతా తీసేస్తాను."

"అంటే నేనూ పోతానా?"

విక్రాంత్ అవునన్నట్టు తలూపాడు.

"అయితే వద్దు," అన్నాడు గ్రాహం, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పాటలోంచి ఒకసారి వెళ్ళిపోయాను. చాలు."

నాకు దుఃఖం ఆగలేదు. విక్రాంత్ ఫైలును అలాగే సేవ్ చేశాడు, కుక్కర్‌తో సహా.