కాగితం మీద డెబ్బై

రాసే ముందు సీమోను కలం మొనను ఎడమ బొటనవేలి గోటి మీద ఒకసారి గీసి చూసుకుంటాడు. అందుకే ఆ గోరు ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. చార్మినార్ వెనక గాజుల దుకాణాల సందులో, విశాల్ జిరాక్స్ షాపు ముందు ఒక బల్ల, ఒక కుర్చీ, అదే అతని ఆఫీసు. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై ఆరేళ్లు డబ్బాల మీద పేర్లు రాసి రిటైరయ్యాడు. రాయడం తప్ప మరో పని చేతకాదు కనుక ఇప్పుడిక్కడ రాస్తున్నాడు. కాలం కంప్యూటర్లదైనా అతని పద్ధతి అతనిదే. ముందు తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో అన్నీ రాయాలి, వచ్చినవాళ్లకు చదివి వినిపించాలి, వాళ్లు ఔనన్నాకే విశాల్ కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఈ చాదస్తానికి నలభై ఏళ్ల విశాల్ రోజుకోసారైనా తల పట్టుకుంటాడు. కానీ సీమోను రాసిన ఫారం ఒక్కటీ తిరిగి రాలేదు, అందుకే ఊరుకుంటాడు.

ఆ రోజు జూన్ ముప్పై. పొద్దున్నే అతను రాస్తున్నది లీలమ్మ ఆరోగ్య బీమా ఫారం. పేరు రాశాడు, చిరునామా రాశాడు, పుట్టిన తేదీ దగ్గర కలం ఆగింది. ఎదురుగా ఉన్న పాస్‌పోర్టులో జూలై ఒకటి, 1955 అని ఉంది. అంటే రేపటికి లీలమ్మకు డెబ్బై నిండుతాయి. డెబ్బై నిండినవాళ్లను కంపెనీ కొత్తగా చేర్చుకోదు.

లీలమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమెకు పైన హెడ్ నర్సుగా పనిచేసిన ఉదయశ్రీ ఇప్పుడు థాయిలాండ్‌లో కొండల మధ్య ఒక ఊళ్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటోంది. రిటైరైనవాళ్లకు ఆ దేశం ఏడాది వీసా ఇస్తుంది, ఆ తర్వాత ఏటా పొడిగించుకోవచ్చు. నువ్వూ రా, ఇద్దరం కలిసి ఉందామని ఆమె రెండేళ్లుగా పోరుపెడుతోంది. ముప్పై ఎనిమిదేళ్లు వార్డు దాటి ఎక్కడికీ వెళ్లని లీలమ్మకు కొండలంటే పిచ్చి. వీసాకు కావలసినవన్నీ కుదిరాయి, ఆరోగ్య బీమా ఒక్కటి తప్ప. అక్కడ ఉన్నన్ని రోజులూ దవాఖాన ఖర్చు భరించే పాలసీ చూపిస్తేనే రమ్మంటారు. ఆమె పింఛనుకు అందే పాలసీ ఇదొక్కటే. ఈ రోజు చేరితే ఆ తర్వాత ఏటా కొనసాగించుకోవచ్చు, రేపైతే చేరనివ్వరు.

అసలు సంగతేమిటంటే, లీలమ్మ పుట్టింది 1957లో. ఆ రెండేళ్లూ కలిపింది సీమోనే.

మిషన్ బడిలో పదోతరగతి ఒకసారి తప్పినందువల్ల అతనికి లీలమ్మ క్లాసులో కూర్చునే భాగ్యం దొరికింది. చేతిరాత బాగుంటుందని హెడ్మాస్టరు పరీక్ష ఫారాలన్నీ అతనితోనే రాయించేవాడు. పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికీ జూలై ఒకటి వెయ్యమనేవాడు. ఆ లెక్కన బస్తీలో సగం మంది ఒకే రోజు పుట్టారు. నర్సు ట్రైనింగుకు పదిహేడు నిండాలి, లీలకేమో పదిహేను. సీమోను ఎవరినీ అడక్కుండా ఏడు ఉండాల్సిన చోట ఐదు వేశాడు. జీవితంలో అతను తనంతట తాను రాసిన అబద్ధం అదొక్కటే, అది ఇన్నాళ్లకు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అయ్యిందా?" అంటూ లీలమ్మ వచ్చింది. పొట్టి మనిషి, గంజి పెట్టిన నేతచీర, ఇంకా వార్డులో బెల్లు మోగుతున్నట్టే గబగబా నడుస్తుంది.

"ఇంకొక్కటి ఉన్నది. బీపీ ఉన్నదా అని అడుగుతున్నరు," అన్నాడు సీమోను.

"లేదని కొట్టేద్దాం అంకుల్," అన్నాడు విశాల్ లోపలి నుంచి. "పది నిమిషాల్ల పాలసీ వస్తది. ఉందంటె రిపోర్టులు, డాక్టరు ఫోను, మస్తు లొల్లి. సాయంత్రం దాక అయితదో లేదో."

సీమోను కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "పన్నెండేండ్ల సంది గోలీలు మింగుతున్నది. రేపు అక్కడ పడిపోతె, అబద్ధం రాసిన్రని ఒక్క పైస గూడ ఇయ్యరు. ఉన్నదనే రాస్త."

"రాయి. ఉన్నది ఉన్నట్టే రాయి," అంది లీలమ్మ.

విశాల్ చెప్పినట్టే అయింది. రక్తపరీక్ష, గుండె పరీక్ష రిపోర్టులు పంపాలన్నారు. సాయంత్రం ఆరుకు ఆఫీసు మూసేస్తారు, ఆలోపల కంపెనీ డాక్టరు వీడియోలో మాట్లాడతాడన్నారు. సీమోను, లీలమ్మ ఆటోలు కదలని సందుల్లో బండ్లను తప్పించుకుంటూ ల్యాబు దాకా నడిచారు. రిపోర్టు వచ్చేసరికి మూడవుతుందని చెప్పి అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టారు. సీమోను గోడ గడియారాన్ని ఆపకుండా చూస్తున్నాడు.

"లీలా, ఒకటి చెప్పాలె," అన్నాడు చివరికి. "పరీక్ష ఫారంల నీ వయసు రెండేండ్లు ఎక్కువ రాసింది నేనే. గందుకే ఇయ్యాల గీ పరేషాని. నౌకరి గూడ రెండేండ్లు ముందుగాల్నే పోయింది నీకు."

ఆమె మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని ఉంది. నవ్వింది. "నాకు తెల్వదనుకున్నవా? నువ్వు రాస్తుంటె కిటికీల నిలబడి చూసిన."

"మరి ఎన్నడు అనలేదేంది?"

"ఏమనాలె? ఆ యేడు నాకు సీటు రాకుంటె మా బాపు నన్ను నలభై ఏండ్లోనికి ఇచ్చి చేస్తుండె. మాట గూడ అయిపోయింది. నువ్వు రాసిన రెండేండ్లే నన్ను బతికిచ్చినయి సీమోనూ."

యాభై రెండేళ్లు మోసిన బరువును ఎవరో చేతిలోంచి తీసుకుంటే చేతులు ఏం చేసుకోవాలో తెలియదు. సీమోను లేచి వెళ్లి రెండు చాయ్‌లు పట్టుకొచ్చాడు. ఒకటి దారిలో సగం ఒలికింది. ఆ సగం మిగిలింది తను తాగాడు.

షాపుకు తిరిగొచ్చాక, ఐదింటికి డాక్టరు ఫోన్ తెర మీదికి వచ్చాడు. లీలమ్మ డ్యూటీ అప్పగిస్తున్నట్టు చెప్పుకుపోయింది. ఏ గోలీ, ఎప్పటి నుంచి, ఎప్పుడు మోతాదు మార్చారు, నిన్న రాత్రి ఎంత, ఈ పొద్దున ఎంత. ఆ డాక్టరు అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆరుకు పావుగంట ముందు పాలసీ వచ్చింది. విశాల్ చప్పట్లు కొట్టి, పక్క దుకాణం వాళ్లకు కూడా చాయ్ చెప్పాడు.

సీమోను అలవాటుగా ఆ కాగితాన్ని మొదటి నుంచి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. పేరు బాగానే చదివాడు. నివసించే దేశం దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు. పొద్దుటి నుంచి పరుగెత్తింది ఆమెను దూరం పంపడానికేనని అప్పుడు తెలిసింది అతనికి. అతని భార్య పోయి ఆరేళ్లు, లీలమ్మ భర్త పోయి పదేళ్లు. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఇద్దరూ కలిసి తాగే చాయ్ కోసమే అతను మిగతా ఆరు రోజులూ గడిపేవాడు. ఆమె అంటే అతనికి ప్రాణం.

లీలమ్మ కాగితం అందుకుని, తక్కినదంతా తనే చదివింది. తర్వాత నెమ్మదిగా అంది. "నీది గూడ జూలై ఒకటే గద. నీకు గూడ ఇయ్యాల్నే రాసేద్దాం. ఇంక పది నిమిషాలున్నయి. నువ్వు గూడ రా."

సీమోను తల అడ్డంగా ఊపాడు. "నాది నేను ఉన్నదున్నట్టే రాసుకున్న లీలా. జనవరిల్నే డెబ్బై నిండినయి."

ఆమె పాలసీ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. విశాల్ ఆ రోజు షాపు షట్టరు చప్పుడు కాకుండా దించాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం లీలమ్మ వెళ్లిపోయింది. విమానాశ్రయం కారు ఆ సందుల్లోకి రాదు కనుక, పెద్ద రోడ్డుకు పోయే దారిలో పెట్టెను విశాల్ షాపు దాకా మోయించుకొచ్చింది. పాత పేపర్ల కొట్టు కాటా మీద పెడితే కిలో ఎక్కువ తూగింది. అక్కడే కింద కూర్చుని పెట్టె తెరిచి, బీపీ చూసే మిషను తీసి సీమోను బల్ల మీద పెట్టింది.

"ఉదయశ్రీ సిస్టర్ దగ్గర ఒకటి ఉన్నది. ఇది నీ దగ్గర పెట్టుకో. పొద్దున ఒకసారి, రాత్రొకసారి చూస్కొని నాకు ఫోన్ల చెప్పాలె. అబద్ధం చెప్పకు."

"అబద్ధం చెప్ప," అన్నాడు సీమోను.

పెద్ద రోడ్డు దాకా వెళ్లి కారెక్కించాడు. అది బండ్ల మధ్య ఇరుక్కుని కదలడానికి చాలాసేపు పట్టింది. ఆ కాస్త ఆలస్యానికి అతను ట్రాఫిక్కుకు లోలోపల దండం పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఎల్లప్ప అనే ముసలాయన పింఛను కాగితాలతో నిలబడి ఉన్నాడు. సీమోను అతనికి రాసిపెట్టి, చదివి వినిపించి, పంపించాడు.

ఆ తర్వాత మిషను దగ్గరికి లాక్కున్నాడు. చేతికి చుట్టే నీలం పట్టీ ఇంకా లీలమ్మ సన్నటి చేతి కొలతకే అంటుకుని, గుండ్రంగా, ఖాళీగా ఉంది.