దీవిలో ముందు ఎటు?

పదేళ్లుగా జనం నోళ్లలోకి తొంగిచూసి విసిగిపోయిన పళ్ల డాక్టరమ్మకి ఎట్టకేలకు పది రోజుల సెలవు దొరికింది. భర్త, అత్తగారితో కలిసి ఓ దీవి దేశానికి టికెట్లు కొనేసింది. దిగాక ముందు ఎటు వెళ్లాలన్న దగ్గరే వచ్చింది తంటా.

డ్రిల్లు మాస్టారైన భర్తకి ఉత్తరాన కొండలెక్కాలని ఉబలాటం. ఆవిడకేమో తూర్పు తీరాన ఇసుకలో పడి నిద్రపోవాలని. అత్తగారు మాత్రం దక్షిణమేనని భీష్మించుక్కూర్చుంది.

"మ్యాపులో అది కిందుందిగా! నా మోకాళ్లకి దిగడమే సుఖం."

"అత్తయ్యా, మ్యాపులో కిందుంటే నేల పల్లంగా ఉన్నట్టు కాదు."

"నువ్వు పళ్ల డాక్టరువే, నేల డాక్టరువి కాదు."

మూడు వారాలు ఇదే వరస. ఇంతలో ఇంటి కిందున్న క్లినిక్‌కి ఓ పెద్దాయన పన్ను పుచ్చిందని వచ్చాడు. మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చి, నోట్లో దూది కుక్కాక గానీ ఆవిడకి ఆయన చొక్కా జేబు మీద ఆ దీవి దేశం పేరు రాసున్న ఓడ బొమ్మ కనిపించలేదు.

"ఆ ఓడలో పనిచేశారా?"

ఆయన తలూపి, గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పాడు. వంటమనిషన్నమాట.

"ఎన్నేళ్లు?"

ముందు పది వేళ్లు, తరవాత రెండు చూపించాడు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చక్రాల స్టూలు దగ్గరికి లాక్కుని, "అయితే మీరే చెప్పండి, ముందు ఎటు వెళ్లాలి?" అంది.

ఆయన కళ్లు పెద్దవి చేసి, "ఉహ్హమ్! ఆహ్హమ్!" అన్నాడు.

ఆవిడ మేడమీదకి కేకేసింది. తల్లీకొడుకులు దిగొచ్చి కుర్చీ చుట్టూ మూగారు.

"ఉత్తరమంటున్నాడు, స్పష్టంగా!" అన్నాడు మాస్టారు.

పెద్దాయన గిలగిల్లాడుతూ వేలు కిందకి చూపించాడు.

"చూశారా, కిందకే!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది.

ఇక మత్తు దిగేదాకా ఆగుదామన్నారు. డాక్టరమ్మ పన్ను పూడ్చింది. పెద్దాయన కుంటుకుంటూ వెళ్లి బయట బల్ల మీద కూర్చున్నాడు. పంటి వైద్యానికి కాలెందుకు కుంటుతోందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఎదురుగా కూర్చుని ఆయన నోటికేసే చూస్తూ గంటన్నర గడిపారు.

ఎట్టకేలకు ఆయన పెదవులు కదిలాయి.

"నా బొటనవేలి మీంచి స్టూలు తియ్యమన్నానమ్మా!"

డాక్టరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. క్షమించమని నాలుగుసార్లు వేడుకుని, వేలికి మంచుగడ్డ పెట్టింది. మాస్టారు మాత్రం పట్టు వదల్లేదు. "అది సరేనండీ, ముందు ఎటు వెళ్లమంటారు?"

"నేను వంటగది దాటితే కదా బాబూ! పన్నెండేళ్లలో ఒక్కసారే దిగాను, పడమటి రేవులో. గరిటె సముద్రంలో పడితే కొత్తది కొనడానికి. గరిటె బాగుంది."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పడమర ఎవరూ అడగలేదు. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. పడమరే ఖాయమైంది.

రేవు ఊరు చిన్నదే. మాస్టారు గట్టు మీద బస్కీలు తీశాడు. డాక్టరమ్మ పడవల నీడన ఆదమరిచి నిద్రపోయింది. అత్తగారు భాష రాకపోయినా చేపలమ్మే ఆడవాళ్లతో జట్టు కట్టి, నాలుగో రోజుకల్లా గంపలు మొయ్యడానికి కూడా తయారైంది. ఇక బయల్దేరదామంటే కదిలితే ఒట్టు.

"మిగతా దిక్కులు మీరు చూసి రండి. నాకిక్కడ పనుంది," అంది.

ఆవిణ్ని వదిలి వెళ్లలేక మిగిలిన ఆరు రోజులూ వాళ్లిద్దరూ అక్కడే చేపలు కడిగారు.