లేని మనిషి వాటా

నాగబాబు కోనాం చేపను తోక పట్టి వేలం గంపలోకి విసిరేశాడు. పక్కనే చేపలు కోస్తున్న ధనలక్ష్మి కత్తి పట్టుకునే లేచి వచ్చింది. అది ఆమె మొగుడి వాటా.

ధనలక్ష్మి అత్తింటి పడవకు తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉంది. ఏటా చేపల వేట నిషేధం ముగిశాక మొదటిసారి ఒడ్డుకు వచ్చిననాడు, దూరదేశం పోయినవాడి పేర ఒక మంచి చేప పక్కన పెడతారు. బతికున్నవాడికే పెడతారు. చచ్చినవాడికి పెట్టరు. ధనలక్ష్మి భర్త ఉమామహేష్ మిలటరీలో ఉన్నాడు. ఇప్పుడు నీలం టోపీ పెట్టుకుని దక్షిణ సూడాన్‌లో శాంతిసేనలో కాపలా కాస్తున్నాడు. అతని వాటా చేపను కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, డబ్బాకు తెల్లగుడ్డ కుట్టి తపాలాలో పంపడం ఆమె పని. ఢిల్లీ చేరిన పార్శిలు అక్కణ్ణుంచి మిలటరీ విమానంలో పోతుంది.

మొన్ననే శిబిరం గేటు ముందు రెండు గూడేలవాళ్లు కత్తులతో నరుక్కున్నారనీ, శవాలను తామే ఎత్తామనీ ఉమామహేష్ ఫోనులో చెప్పాడు. ఆనాటి నుంచి ఆమె ఈ చేప కోసమే గంగమ్మకు మొక్కుతూ కూర్చుంది.

"అన్నా, అది ఆయన వాటా. తియ్యి," అంది. నాగబాబు ఆమె తోడబుట్టినవాడు. ఉమామహేష్ మిలటరీకి వెళ్లాక పడవలో ఆ చోట నిలబడి వల లాగుతున్నదీ అతనే.

"ఏటి వాటా? వల లాగినోణ్ణి నాను. సేతులు కోసుకుపోయింది నాకు. ఆడు తుపాకీ తుడుసుకుంతా కూకుంతే ఆడికి కోనామా?"

"నోరు ముయ్యి నాగా," అన్నాడు వరహాలు. పడవ అతనిది. ఉమామహేష్‌కు అన్న. "వాటా తియ్యకపోతే నా తమ్ముడు సచ్చినట్టు కాదేటి?"

"సచ్చాడో బతికాడో నీకేటి తెలుసు బావ? ఫోన్లో బొమ్మ ఆడితే బతికున్నట్టేనా?" అని నాగబాబు నవ్వాడు.

ఆ నవ్వుకు వరహాలు తెడ్డు ఎత్తాడు. భుజం మీద పడిన దెబ్బకు ఎముక పటుక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. నాగబాబు మోకాళ్ల మీద కూలి, గుప్పెడు ఇసుక తీసి వరహాలు కళ్లలో కొట్టి, కడుపులో తన్నాడు. కింద పడ్డవాడి జుట్టు పట్టి తలను పడవ అంచుకేసి మోదాడు. ఒకసారి, మళ్లీ, మళ్లీ. వరహాలు ముక్కు పగిలి నెత్తురు గడ్డం మీదుగా కారింది. ఇద్దరు ముగ్గురు కలిసి లాగినా నాగబాబు ఊడిరాలేదు.

"ఒరే, సచ్చిపోతాడ్రా!" అని ఎవరో అరిచాక వదిలి, గంపలోంచి కోనాం తీశాడు.

"కుక్కలకేత్తాను గానీ ఆడికియ్యను!"

ధనలక్ష్మి తోక పట్టుకుంది. అతను మొప్పల్లో వేళ్లు దూర్చి లాగాడు.

"అన్నా, అది నా పసుపు కుంకం! వదులు!"

"పో ఎహె!"

చేపలు కోసే కత్తి ఆమె చేతిలోనే ఉంది. అది ఎప్పుడు లేచిందో ఆమెకు తెలియదు. దిగడం మాత్రం చూసింది. నాగబాబు వేళ్లు రెండు గంపలో చేపల మీద పడ్డాయి. అతను కేక పెట్టే ముందు వాటి వంక చూశాడు. తర్వాత చెల్లెలి వంక చూశాడు.

ఆసుపత్రిలో వేళ్లు అతకలేదు. పోలీసులు వచ్చి అడిగితే వేళ్లు ఇంజను తాడులో పడి తెగిపోయాయని చెప్పాడు నాగబాబు. చెల్లెలి పేరు ఎత్తలేదు. వరహాలు కూడా తలకు కట్టుతో పక్క మంచం మీద పడుకుని అదే మాట అన్నాడు.

ధనలక్ష్మి ఆ చేపను సముద్రపు నీళ్లలో కడిగింది. నెత్తురు పోయింది. ముక్కలు కోసి ఎండలో ఆరేస్తూ అమ్మవారిని అడిగింది: 'తల్లీ, ఒకడి ప్రాణానికి కాపుదల అడిగాను. ఇంకొకడి చెయ్యి ఇమ్మని నువ్వు అడిగావా, నేనే ఇచ్చానా?' పంపకపోతే మొగుడికి ఏమవుతుందోనన్న భయం ఒక్కటే మిగిలింది. గుడ్డ కుట్టి పంపేసింది.

పార్శిలు చేరేసరికి నాగబాబు ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం ధనలక్ష్మి అతనికి అన్నం కలిపి పెడుతోంది. గుమ్మంలో అతని భార్య పుష్ప ముఖం తిప్పుకుని కూర్చుంది. అప్పుడే ఫోను మోగింది. తెరమీద ఉమామహేష్ వెలిగిపోతున్నాడు.

"ఒలే లచ్చీ, వచ్చిందే! ఎంత బాగుందనుకున్నావ్! పంజాబోళ్లు కూడా ఎగబడిపోతన్నారు. మీ అన్నకి సెప్పు, నా వాటా ఉంచాడు, మంచోడని."

పుష్ప ఉలిక్కిపడి చూసింది. నాగబాబు కట్టుకట్టిన చేతిని దుప్పటి కిందకు లాక్కున్నాడు.

"తిను బావ," అన్నాడు మెల్లగా. "బాగా తిను."

ధనలక్ష్మి అన్నం గిన్నె కింద పెట్టింది. వాటా తినకుండా ఆపితే కీడు అని ఆమెకు తెలుసు. చిన్ననాటి నుంచీ నమ్మింది అదే.

"ఇంకా మిగిలుందా?" అంది.

"సగం ఉంది."

"తినకు."

"ఏటే, ఏటయింది?"

"ఆ ముక్కలు పక్కన ఎట్టు. సెప్తాను, ఇను," అని అన్న చేతిమీది దుప్పటి తీసి, ఫోను అటు తిప్పింది.